ప్రశాంతంగా ఉండమంటారు సరే, ఎలా ఉండాలి?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళు దాటాయి. మొన్న రాత్రి స్నానం అయ్యాక కుళాయి నేను కట్టేశాను. తనే కట్టేద్దామనుకున్నాడట. అంతే, తడి ఒంటితో నేలమీద పడి ఒకటే ఏడుపు. సర్లెమ్మని మళ్ళీ తిప్పి, 'ఇదిగో నువ్వే కట్టెయ్యి నాన్నా' అన్నాను. 'ఇప్పుడు కాదు, అప్పుడు!' అని ఇంకా గట్టిగా అందుకున్నాడు. ఎన్ని రకాలుగా చెప్పినా వినలేదు. ఇరవై నిమిషాలు సాగింది. చివరికి నేనే అరిచేశాను, వీపు మీద ఒకటి వేశాను కూడా. వాడు నిద్రపోయాక కూర్చుని ఏడ్చాను. వారంలో మూడు నాలుగుసార్లు ఇలాంటిదే ఏదో ఒకటి. ప్రతిసారీ ఓపిగ్గానే మొదలుపెడతాను, కాసేపటికి ఓపిక అయిపోతుంది. మావారేమో నేనే గారాబం చేసి పాడుచేస్తున్నానంటారు. 'పిల్లల ముందు ప్రశాంతంగా ఉండాలి' అని అందరూ చెబుతారు. ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. మీరైనా చెబుతారా? – ఒక తల్లి

సమాధానం: మీ ఉత్తరంలో మాకు బాగా పనికొచ్చిన మాట మీ బాబుది. 'ఇప్పుడు కాదు, అప్పుడు!' అన్నాడు చూశారా, మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

పిల్లల ఏడుపులన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, మన భాషలోనే వాటికి వేరువేరు పేర్లున్నాయి. పేచీ వేరు, అలక వేరు, ఉక్రోషం వేరు. పేచీకి ఒక కోరిక ఉంటుంది. అది తీరగానే ఏడుపు టక్కున ఆగుతుంది, కళ్ళనీళ్ళు ఆరకముందే నవ్వొచ్చేస్తుంది. అలకకి చూసేవాళ్ళు కావాలి. మూతి ముడుచుకుని అటు తిరిగి కూర్చుంటారు గానీ ఓరకంట మనల్నే కనిపెట్టి ఉంటారు. ఉక్రోషానికి చూసేవాళ్ళూ అక్కర్లేదు, ఇచ్చేవాళ్ళూ అక్కర్లేదు. చేద్దామనుకున్నది చేజారిపోయింది, దాన్ని వెనక్కి తెచ్చుకోలేడు, ఆ సంగతి చెప్పుకోవడానికి మాటలు రావు. అందుకే మీరు కుళాయి మళ్ళీ తిప్పి ఇచ్చినా ఆగలేదు. జరిగిపోయిన ఆ నిమిషాన్ని వెనక్కి ఇమ్మని అడిగాడు వాడు. అది మీ చేతిలో లేదు.

మీవారికి కూడా ఇదే చెప్పండి. గారాబం వల్ల పెరిగేది పేచీ. అడిగింది చేతికిచ్చినా ఆగని ఏడుపుని గారాబం ఖాతాలో వేస్తే లెక్క కుదరదు.

ఇక మీ ఓపిక. మొన్నటి ఇరవై నిమిషాల్లో ఏం చేశారో మళ్ళీ చూసుకోండి. కుళాయి తిప్పి ఇచ్చారు, సర్దిచెప్పారు, ఎన్నో రకాలుగా చెప్పారు. అంటే ఆ ఓపిక వెనక ఒక షరతుంది: నేనింత మెత్తగా ఉన్నందుకు వాడు ఆపాలి. ఒకటి ప్రయత్నించారు, ఆపలేదు. ఇంకొకటి, అప్పుడూ ఆపలేదు. పారని ప్రతి ఉపాయానికీ ఒంట్లో వేడి ఒక మెట్టు ఎక్కుతుంది. నోరు లేచింది ఇరవయ్యో నిమిషంలోనే గానీ, ఆ అరుపు రెండో నిమిషం నుంచే తయారవుతోంది. ఏడుపు ఆపించడం నా పని అనుకున్నంతకాలం ఎన్ని చిట్కాలు నేర్చుకున్నా ఇదే జరుగుతుంది. ఉక్రోషంలో ఉన్న పిల్లాడి దగ్గర మీకుండే పనులు మూడే. వాడికి దెబ్బ తగలకుండా చూడటం, వాడు ఎవరినీ కొట్టకుండా చూడటం, అక్కడే ఉండటం. ఏడుపు సంగతి వాడి ఒళ్ళు చూసుకుంటుంది.

నిజంగానే చూసుకుంటుంది. ఏడాదిన్నర నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల ఇలాంటి ఏడుపులు ఎలా మొదలై ఎలా ముగుస్తాయో, తల్లిదండ్రుల వర్ణనల ఆధారంగా మైకేల్ పోటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకులు 2003లో ప్రచురించారు. అందులో నాలుగింట మూడు వంతులు 5 నిమిషాల లోపే ముగిశాయి. ఇంకో సంగతి కూడా తేలింది. అరవడం, తన్నడం, విసిరెయ్యడం లాంటి కోపం పని మొదట్లోనే శిఖరానికి చేరి తర్వాత దిగిపోతుంది. దుఃఖం మాత్రం మొదటి నుంచీ ఉంటుంది, కోపం తగ్గేకొద్దీ అదే పైకి కనబడుతుంది. దగ్గరికి రావడం, ఒళ్ళో దూరడం చివర్లో జరుగుతాయి. అంటే కేకలు వేస్తున్నప్పుడు మీరు బుజ్జగించబోతే తన్నినవాడే, ఆ గొంతు వెక్కిళ్ళలోకి మారాక మీ మెడ చుట్టూ చేతులు వేస్తాడు. ఆ మార్పు చెవికి తెలుస్తుంది. కేక నిటారుగా ఉంటుంది. ఏడుపుకి ఒక లయ ఉంటుంది, మధ్యమధ్యలో ముక్కు ఎగబీల్చడం వినపడుతుంది. ఎత్తుకోవడానికి అదీ సమయం.

మరి మీ ఇంట్లో 5 నిమిషాలది 20 ఎందుకైంది? మీ ఉత్తరాన్ని బట్టి మాకు అనిపిస్తున్నది ఇది: మంట తగ్గుతున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక మాట వేస్తున్నారు. 'ఇందులో ఏడవడానికి ఏముంది?', 'రేపు నువ్వే కడుదువులే', 'ఇంత చిన్నదానికా?' అన్నీ మంచి మనసుతో అన్నవే. కానీ ఆ స్థితిలో వాడి మెదడు మాటల్ని అర్థం చేసుకుని బేరీజు వేసుకునే పరిస్థితిలో లేదు. ఆవేశాన్ని అదుపు చేసే భాగం నుదుటి వెనక ఉంటుంది, అది ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది. నాలుగేళ్ళవాడిలో అది మామూలప్పుడే అంతంతమాత్రం, ఆవేశంలో ఇంకా తక్కువ. అప్పుడు ప్రతి ప్రశ్నా వాడికి ఇంకో భారం, ప్రతి బేరమూ ఆ పోయిన నిమిషాన్ని మళ్ళీ గుర్తుచేసే గంట.

ఇప్పుడు మీరు అడిగిన 'ఎలా' దగ్గరికి వద్దాం. ప్రశాంతత అంటే కోపం రాకపోవడం అని మీరు అనుకుంటుంటే ఆ ఆశ వదిలేయండి. పసివాడి కేక పెద్దవాళ్ళ ఒంటిని కుదిపేసేలాగే ఉంటుంది, లేకపోతే పసివాళ్ళు బతకరు. గుండె వేగం పెరగడం, చేతుల్లోకి వేడి రావడం మీ లోపాలు కావు. మీరు చేయగలిగింది దాని తర్వాతి పది సెకన్లలో ఉంది.

మొదట మీ ఒంట్లో కోపం ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టాలి. కొందరికి దవడ బిగుసుకుంటుంది, కొందరికి భుజాలు చెవుల వైపు లేస్తాయి, కొందరికి అరచేతులు వేడెక్కుతాయి, కొందరి మాట వేగం పెరుగుతుంది. మొన్నటి రాత్రిని గుర్తుచేసుకుని మీదేదో ఒక్కటి పట్టుకోండి. అదే మీ గంట. అది మోగిందంటే నోరు మూసుకోవాల్సిన సమయం వచ్చిందన్నమాట. ఈ మాట కటువుగా ఉంటే క్షమించండి, ఇంతకన్నా సూటిగా చెప్పడం కుదరలేదు.

తర్వాత ఊపిరి. 'గట్టిగా ఊపిరి పీల్చుకోండి' అని అందరూ చెప్పేది సగమే సరైన సలహా. ఆందోళనలో ఉన్నప్పుడు గబగబా గుండెలనిండా పీలిస్తే తల తేలిపోతుంది, కంగారు ఇంకా పెరుగుతుంది. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె కొంచెం వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. కాబట్టి పని జరిగేది వదలడంలో. ముందు ఉన్న గాలిని నోటితో పూర్తిగా వదిలేయండి. తర్వాత ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు తీసుకుని, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి. ఇలా మూడుసార్లు చేస్తే అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషంలో మీరు ఏమీ మాట్లాడలేరు, అది ఇంకో లాభం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: ఇది మొదటిసారి గొడవ మధ్యలోనే ప్రయత్నిస్తారు, పనిచేయలేదని వదిలేస్తారు. ఈత నేర్చుకోవడం వరదలో మొదలుపెట్టినట్టు ఉంటుంది అది. రోజూ చేసే ఏదో ఒక పనికి దీన్ని ముడిపెట్టండి. చేతులు కడుక్కున్న ప్రతిసారీ ఒక్క పొడవాటి ఊపిరి వదలడం చాలు. రెండు మూడు వారాలు ఏ గొడవా లేనప్పుడు చేస్తే, గొడవప్పుడు మీరు ఆలోచించకుండానే ఒళ్ళు అటు వెళుతుంది. స్నానాల గదిలోనే ఉంటే ఇంకో సులువు ఉంది. చల్లటి నీళ్ళు దోసిట్లోకి తీసుకుని మీ ముఖాన కొట్టుకోండి. ముఖానికి చల్లదనం తగిలితే గుండె వేగం తగ్గడం శరీరంలో పుట్టుకతో ఉన్న స్పందన. మీ ముఖానే సుమా, పిల్లాడి ముఖాన కాదు. అది వాడికి శిక్షలా తగులుతుంది.

మూడోది మీరు ఉండే తీరు. నిలబడి ఉంటే కింద పడుకున్న పిల్లాడికి మీరొక గోడలా కనిపిస్తారు. కూర్చోండి, మీ కళ్ళు వీలైనంత వాడి కళ్ళ ఎత్తుకి వచ్చేలా ఉంటే ఇంకా మంచిది. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి, ఒక చెయ్యి చాపితే అందేంత దూరంలో. కళ్ళలోకి సూటిగా చూడకండి, 'నా కళ్ళల్లోకి చూడు' అని బలవంతం అసలే వద్దు. చేతులు ఒళ్ళో, అరచేతులు పైకి. ఇదంతా నాటకంలా అనిపిస్తుంది గానీ, కూర్చుని అరచేతులు తెరిచి ఉంచి అరవడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి. మీకోసం కూడా పనిచేస్తుంది ఈ భంగిమ.

మొన్నటి సందర్భంలో అయితే వీటన్నిటికన్నా ముందు ఒకటుంది. తడి నేల మీద పిల్లాడు గిజగిజలాడుతున్నాడు. తువ్వాలు చుట్టి, రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తి, పొడి గదిలోకి తీసుకెళ్ళి కింద పెట్టండి. 'నేల జారుతోంది, బయటికి తీసుకెళ్తున్నాను' అని ఒక్కమాట చెప్పి చేయండి. ఆ గదిలో బకెట్టులోనో తొట్టిలోనో నీళ్ళుంటే వాణ్ణి ఒంటరిగా అక్కడ వదిలి మీరు మాత్రం బయటికి రాకూడదు, ఎంత కోపం వచ్చినా.

ఇప్పుడు మాటలు. ఒక్కసారి, మూడు చిన్న వాక్యాలు: 'నువ్వే కట్టేద్దామనుకున్నావు. అమ్మ కట్టేసింది. చాలా కోపం వచ్చింది.' అంతే. గొంతు మామూలుకన్నా కిందికి, వేగం సగానికి. తర్వాత నిశ్శబ్దం. ఎంతసేపు? మీకు భరించలేనంత పొడుగ్గా అనిపించేదాకా. 'కానీ' అనే మాట చేర్చారో, ముందు చెప్పిన మూడు వాక్యాలూ కొట్టుకుపోతాయి. 'ఎందుకు ఏడుస్తున్నావు?' అని అడగకండి, ఎందుకో మీకు తెలుసు, వాడికి చెప్పడం రాదు. భావానికి పేరు పెడితే దాని జోరు తగ్గుతుందన్నది నిజమే, అయితే దాన్ని మంత్రంలా పదేపదే జపిస్తే పిల్లలకి ఒళ్ళు మండుతుంది. కొందరు పిల్లలకి ఒక్కసారి చెప్పినా మంటే. మీ బాబు 'మాట్లాడకు' అంటే, 'సరే, ఇక్కడే ఉంటాను' అని ఊరుకోండి. ఆ మాట మీద నిలబడితే, వాడు చెప్పింది మీరు విన్నారని వాడికి తెలుస్తుంది.

ఊరికే కూర్చున్నప్పుడు మీ తలలో ఏం నడుస్తుందనేది తక్కువ విషయం కాదు. 'కావాలనే చేస్తున్నాడు', 'నన్ను లెక్కచేయడం లేదు', 'పక్కింటివాళ్ళు ఏమనుకుంటున్నారో' లాంటివి వస్తుంటే ఊపిరి ఎంత వదిలినా కోపం దిగదు, ఎందుకంటే కింద నుంచి కట్టెలు ఎగదోస్తూనే ఉన్నారు. మీలో మీరు 'ఆపట్లేదు' అనుకుంటున్న ప్రతిచోటా 'ఆపలేకపోతున్నాడు' అని మార్చి చూడండి. ఒక్క క్రియ మారితే వాడు ఎదురుతిరిగినవాడిలా కాక కాలు బెణికినవాడిలా కనిపిస్తాడు. కాలు బెణికినవాణ్ణి ఎందుకు పరిగెత్తట్లేదని ఎవరూ కొట్టరు.

అలాగని పళ్ళు బిగించి, ముఖాన నవ్వు పులుముకోమని అనట్లేదు. కోపాన్ని లోపలే అణిచిపెట్టినవాళ్ళ ఒళ్ళు పైకి కనిపించకుండా మరింత ఉద్రిక్తంగా ఉంటుంది, పిల్లలు ఆ బిగువుని పట్టేస్తారు. ముఖం ఒకటి చెబుతుంటే ఒళ్ళు ఇంకోటి చెప్పే మనిషి దగ్గర ఎవరికి మాత్రం భయం తగ్గుతుంది? 'అమ్మకి చిరాకు వస్తోంది. ఊపిరి వదులుకుంటున్నాను' అని పైకే చెప్పేయండి. నింద లేకుండా, వాడివైపు వేలు చూపకుండా. అది చూసే వాడు నేర్చుకునేది.

చెయ్యి లేచేలా ఉందనిపిస్తే పక్కకి తప్పుకోవడం తప్పు కాదు. దానికీ ఒక పద్ధతి ఉంది. వాణ్ణి ప్రమాదం లేని చోట ఉంచండి. ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పుడొస్తారో చెప్పండి: 'తలుపు బయటే ఉన్నాను. ఇరవై లెక్కపెట్టి వస్తాను.' తలుపు తీసే ఉంచండి. మీ గొంతు వినిపించేలా పైకే లెక్కపెట్టి, చెప్పినట్టే తిరిగి రండి. 'నువ్వు ఇలా ఏడిస్తే నేను వెళ్ళిపోతాను' అనేది మాత్రం తప్పుకోవడం కాదు, బెదిరింపు. రెంటికీ తేడా పిల్లలకి బాగా తెలుసు. ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉంటే ముందే ఒక సంకేతం అనుకోండి, భుజం తట్టడం లాంటిది. తట్టినవాళ్ళు వచ్చి కూర్చుంటారు, రెండోవాళ్ళు మారుమాట్లాడకుండా లేచి వెళతారు. ఎవరు చేసింది సరైనదనే చర్చ పిల్లాడి ముందు పెట్టొద్దు. వాడు పడుకున్నాక తీరిగ్గా పోట్లాడుకోవచ్చు.

కొడితే ఏం చేయాలి? చేత్తో వాడి మణికట్టు అందుకుని, గట్టిగా నొక్కకుండా ఆపి, 'కొట్టనివ్వను' అనండి. 'కొట్టకూడదు కదా, తప్పు కదా, అమ్మకి నొప్పేస్తుంది కదా' అని సాగదీయకండి. 'కొట్టకూడదు' అన్నప్పుడు ఆపాల్సిన పని వాడి మీద ఉంటుంది, అది ఇప్పుడు వాడివల్ల కాదు. 'కొట్టనివ్వను' అన్నప్పుడు ఆ పని మీరు తీసుకున్నారు. తన్నుతుంటే ఒక అడుగు వెనక్కి జరగండి లేదా మధ్యలో దిండు అడ్డం పెట్టుకోండి. తల నేలకేసి కొట్టుకుంటుంటే తల కింద మడతపెట్టిన గుడ్డ తోయండి. 'కోపమంతా దిండు మీద తీర్చుకో' అనే సలహా కూడా మీ చెవిన పడే ఉంటుంది. అది మానేయండి. పెద్దవాళ్ళతో చేసిన ప్రయోగాల్లో అలా కొట్టి తీర్చుకున్నవాళ్ళ కోపం తగ్గకపోగా పెరిగింది. ఒంట్లో ఊపు బయటికి పోవాలనుకుంటే గెంతనివ్వండి, గోడని రెండు చేతులతో నెట్టనివ్వండి, ఎవరినో కొడుతున్నట్టు ఊహించుకోకుండా.

ఫోను చేతిలో పెడితే వెంటనే ఆగుతుంది, కాదనం. ప్రయాణంలో ఒకరోజు పెట్టినంత మాత్రాన కొంపలేమీ మునగవు. రోజూ అదే మందైతే మాత్రం, ఉక్రోషం ఎక్కి దిగడం అనే అనుభవం వాడికి ఎప్పటికీ పూర్తిగా దొరకదు, ప్రతిసారీ సగంలో తెగిపోతుంది.

ఇంతసేపూ ఉక్రోషం గురించి చెప్పాం. పేచీకి ఇదే తీరులో కూర్చోవచ్చు గానీ ఒక తేడా ఉంది. బొమ్మ కొనమని ఏడుస్తున్నాడనుకోండి. 'ఈరోజు కొనట్లేదు' అని ఒక్కసారి చెప్పండి, ఏడవనివ్వండి, పక్కనే ఉండండి. ఏడవడానికి అనుమతి ఉంది, బొమ్మకి లేదు. పదో నిమిషంలో విసిగిపోయి కొనిచ్చారంటే, పది నిమిషాలు ఏడిస్తే దొరుకుతుందని నేర్పినట్టే. ఇన్నాళ్ళూ ఇస్తూ వచ్చి ఇప్పుడు మానేస్తే మొదటి కొద్దిరోజులు ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. చాలామంది సరిగ్గా అక్కడే, 'ఇది పనిచేయట్లేదు' అనుకుని లొంగిపోతారు. అప్పుడు వాడికి అంతకన్నా గట్టిగా ఏడవాలన్న పాఠం అందుతుంది. ఇవ్వాలనుకున్నది మొదటి నిమిషంలోనే ఇచ్చేయండి, ఇవ్వకూడదనుకుంటే ఆఖరిదాకా ఇవ్వకండి.

ఏడుపు తగ్గాక నీళ్ళు తాగించండి, ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. వెంటనే 'చూశావా, ఎంత రభస చేశావో' అని పాఠం మొదలుపెట్టకండి. ఒంట్లో వేడి పూర్తిగా దిగడానికి చాలా నిమిషాలు పడుతుంది, ఆలోపు పాత మాట ఎత్తితే మళ్ళీ అంటుకుంటుంది. మర్నాడు ఇద్దరూ బాగున్నప్పుడు రెండు నిమిషాలు చాలు: 'నిన్న కుళాయి నేను కట్టేస్తే నీకు బాగా కోపం వచ్చింది కదా. ఈసారి అలా జరిగితే ఏం చేద్దాం?' వాడు చెప్పే ఉపాయం పిచ్చిగా ఉన్నా వినండి.

ఇక మీరు కొట్టిన దెబ్బ, తర్వాత మీరు ఏడ్చిన ఏడుపు. కొట్టడాన్ని మేం సమర్థించం. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో ఇచ్చిన విధాన ప్రకటన కొట్టడంతో పాటు అరవడం, అవమానించడం కూడా వద్దంది. దానివల్ల ప్రవర్తన బాగుపడదు, భయం, దూకుడు పెరుగుతాయి. అయితే మీరు ఒంటరిగా కూర్చుని ఏడ్చినది బాబుకి తెలియదు. వాడికి తెలిసింది దెబ్బ వరకే, కథ వాడికి అక్కడే ఆగిపోయింది. దాన్ని ముందుకు నడపాల్సింది మీరు. 'నిన్న రాత్రి గట్టిగా అరిచాను. కొట్టాను. అలా కొట్టకూడదు. అది నీ తప్పు కాదు. నాకు కోపం వస్తే ఊపిరి వదులుకోవడం నేర్చుకుంటున్నాను.' దీనికి 'నువ్వు అలా ఏడవకపోతే నేను కొట్టేదాన్నా' అని తోక తగిలించకండి, క్షమాపణ ఫిర్యాదు అయిపోతుంది. వాడి ముందు వెక్కివెక్కి ఏడవకండి కూడా. అప్పుడు మిమ్మల్ని ఓదార్చే పని వాడి నెత్తిన పడుతుంది.

ఆలస్యమైందని వెనకాడకండి. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త 1970ల నుంచీ తల్లులూ పసిబిడ్డలూ ముఖాముఖి ఆడుకునే తీరుని పరిశీలించారు. ఏ సమస్యా లేని జంటల్లో కూడా ఇద్దరి భావాలూ ఒకదానికొకటి సరిగ్గా జతకూడేది దాదాపు 30 శాతం సమయమే. మిగతాదంతా తప్పడం, మళ్ళీ కలుపుకోవడం. బంధం గట్టిపడటంలో ఆ కలుపుకోవడానికే పెద్ద పాత్ర అన్నది ఆయన వాదన. మీకు ఎప్పుడూ తప్పని తల్లి కావాలని ఉంటే, ఆ లెక్కలో అలాంటి తల్లి లేదు.

వారంలో మూడు నాలుగుసార్లు అన్నారు. అవి ఏ వేళప్పుడు వస్తున్నాయో రెండు వారాలు రాసి చూడండి. సమయం, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు ఉంది, ఎన్నింటికి నిద్ర లేచాడు, చివరిసారి ఎప్పుడు తిన్నాడు. ఐదే ఐదు విషయాలు, ఒక్క గీతలో. ఎక్కువ సాయంత్రాలే కనిపిస్తే ఆశ్చర్యపోకండి. పగలంతా బయట బుద్ధిగా ఉన్న పిల్లలు, ఉన్న ఓపికంతా అక్కడే ఖర్చుపెట్టి, ఇల్లు చేరగానే విడిపోతారు. 3 నుంచి 5 ఏళ్ళ వయసుకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. అది ఒక గంట తక్కువైతే మీరు నేర్చుకున్న ఊపిరీ భంగిమా అన్నీ ఎదురీతే. 'ఇంకో ఐదు నిమిషాల్లో ఆపేయాలి' అనే హెచ్చరిక ఈ వయసుకి అంతగా ఎక్కదు, ఐదు నిమిషాలంటే ఎంతో వాడికి తెలియదు. 'ఇంకో రెండు చెంబులు పోసుకుని లేద్దాం' అంటే తెలుస్తుంది. మీ నిద్ర, మీ తిండి కూడా ఆ కాగితం మీద రాయండి. మీరు అరిచిన రోజులకీ మీరు తినని రోజులకీ చుట్టరికం బయటపడొచ్చు.

కొన్ని గుర్తులుంటే పిల్లల వైద్యుణ్ణి కలవండి. ఏడుపులు మామూలుగా 25 నిమిషాలు దాటిపోతుండటం, రోజుకి ఐదుసార్లకి మించి చాలా రోజులు రావడం, ఎక్కువసార్లు తనని తాను కొరుక్కోవడం, కొట్టుకోవడం, ఎవరూ లేకుండా తనంతట తాను ఎప్పుడూ తేరుకోలేకపోవడం, ఐదేళ్ళు దాటినా తగ్గకపోగా పెరగడం, వచ్చిన మాటలు తగ్గిపోవడం. గుక్కపట్టి నీలంగా మారి స్పృహ తప్పితే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, కుదపకండి, నోట్లో నీళ్ళు పోయకండి. సాధారణంగా నిమిషం లోపే తేరుకుంటారు, తేరుకోకపోతే అత్యవసర సాయం పిలవండి. తేరుకున్నా మొదటిసారి అయితే వైద్యుడికి చూపించి తీరాలి, రక్తంలో ఇనుము తక్కువుందేమో పరీక్ష చేయమని అడగండి. మీ విషయంలో, రెండు వారాలకి మించి ఏమీ బాగనిపించకపోయినా, మళ్ళీ మళ్ళీ చెయ్యి లేస్తున్నా, వాడికేమైనా చేసేస్తానేమోనని భయమేసినా వైద్యుడితోనో కౌన్సిలర్‌తోనో మాట్లాడండి. ఆ భయం ఒక్కటే వచ్చినా చాలు, మిగతా రెండింటి కోసం ఎదురుచూడొద్దు.

ఇవాళ రాత్రి స్నానంలో, నీళ్ళు ఆపాల్సిన సమయానికి ముందే 'కుళాయి ఎవరు కడతారు?' అని అడగండి. కొన్నాళ్ళకి ఏదో తొందరలో మర్చిపోయి మళ్ళీ మీరే కట్టేస్తారు. ఆ రోజు కోసం ఒక పొట్టి పీట, ఒక పెద్ద తువ్వాలు గది గుమ్మం పక్కనే ఉంచుకోండి.